చేప ఒంటి మీద బొడిపె

సినిమాలకి బొమ్మలు చేయడం మా పని. మొసళ్లు, కొండచిలువలు, తెగిన తలలు, కాలిన చేతులు. ఆకారం నాది, కదలిక మా మరిదిది. నేను మట్టితో చేసి, అచ్చు తీసి, రబ్బరు పోసి రంగులేస్తే, అతను పొట్టలో మోటార్లూ తీగలూ బిగించి ప్రాణమున్నట్టు ఆడిస్తాడు. ఒకసారి మా మొసలి నోరు తెరవగానే లైట్లు పట్టుకునే ఆయన నిచ్చెనెక్కి కూర్చుని, దాన్ని బండెక్కించేదాకా దిగలేదు. మా చేతిపని మీద కాస్త గర్వంగానే ఉండేదాన్ని. ఆ చేప వచ్చేదాకా.

దాన్ని చేప అనడం కూడా సరికాదు. దర్శకుడు అడిగింది ఎవరూ ఎక్కడా చూడని సముద్రపు జంతువుని. "నిజంగా ఉన్నవాటిలోంచే ముక్కలు తీసుకోండమ్మా. కానీ మొత్తంగా చూస్తే ఎక్కడా లేనిదై ఉండాలి," అన్నాడు. వినడానికి ఎంత బాగుందో! ఎగిరి గంతేసి ఒప్పేసుకున్నాను.

లోతు సముద్రంలో ఎన్ని వింతలున్నాయో అప్పుడే తెలిసింది. దవడ మొత్తాన్ని ముందుకు విసిరి వేటాడే సొరచేప ఒకటుంది. దాని నోరు తీసుకున్నాను. తల మీద చిన్న దీపం వేలాడదీసుకుని చీకట్లో తిరిగే చేప ఇంకొకటి. దాని దీపం. ఒక్కో కన్నూ ఒక్కో వైపు తిప్పే రొయ్య కళ్లు. ముట్టుకుంటే జిగురు వదిలే పాములాంటి చేప చర్మం. అన్నీ కలిపి మట్టిలో నిలబెట్టి చూపించాను.

దర్శకుడు చుట్టూ తిరిగాడు. గడ్డం గోక్కున్నాడు.

"బాగుంది. కానీ... ఇంకొంచెం ఏదో కావాలి."

"ఏం కావాలి సార్?"

"అదే తెలీట్లేదమ్మా. ఇంకొంచెం."

పళ్లు పెంచాను. ఇంకొంచెం. పళ్లు పీకేసి బోసినోరు పెట్టాను. ఇంకొంచెం. తోక మార్చాను, కళ్లు జరిపాను, రాత్రంతా రుద్దిన చర్మాన్ని పొద్దున్నే చెక్కేసి మళ్లీ మొదలుపెట్టాను. ఏం చేసినా అదే మాట. మా మరిది ఆయనకి 'ఇంకొంచెం గారు' అని పేరు పెట్టేశాడు. ఇంట్లో మా అత్తగారు పప్పు గిన్నె పట్టుకుని "ఇంకొంచెం వెయ్యనా?" అని అడిగితే నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. పాపం, ఆవిడేం చేసింది?

ఒకరోజు విసుగెత్తి ఆ దీపం చేప గురించే మళ్లీ చదువుతూ కూర్చున్నాను. అందులో ఆడది పెద్దదట, మగది వేలెడంత. ఆ మగది వెతుక్కుంటూ వచ్చి ఆడదాని పక్కన కొరికి పట్టుకుంటుంది. ఇక వదలదు. మెల్లగా రెండింటి చర్మం కలిసిపోతుంది, నెత్తురు కలిసిపోతుంది. మగదాని కళ్లు పోతాయి, రెక్కలు పోతాయి. చివరికి ఆడదాని ఒంటి మీద ఒక బొడిపె మిగులుతుంది, అంతే.

పైకి చదివి వినిపించాను. మా మరిది స్క్రూడ్రైవర్ చెవి వెనకాల పెట్టుకుని సీరియస్‌గా తలూపాడు.

"ఇందుకే వదినా నేను పెళ్లొద్దన్నది."

నవ్వాను. నవ్వుతూనే మట్టి తీసుకుని చేప పక్కన, మొప్పల కింద, ఒక బొడిపె అతికించాను. నిమ్మకాయంత. ఇంకొంచెం గారు వచ్చి చూశారు. మొదటిసారి ఆయన చెయ్యి గడ్డం మీద ఆగిపోయింది.

"ఇటువైపు వెళ్తున్నారు. ఇలాగే... ఇంకొంచెం."

నయమే అనుకుని అచ్చు తీసి రబ్బరు పోశాం.

మేం పనిచేసే చోటు ఒకప్పుడు చేపలు దాచిన చల్లగది. మందపాటి గోడలు, ఒక్క కిటికీ లేదు, బయటినుంచీ లోపల్నుంచీ పిడి తిప్పి తీసే బరువైన ఇనుప తలుపు. ఐసు లేక ఏళ్లు గడిచినా ముసురు పట్టిన రోజు గోడల్లోంచి పాత చేపల వాసన వచ్చేది. రబ్బరు వాసన, జిగురు వాసన దాన్ని అణిచేవి కానీ పూర్తిగా కాదు.

ఆ గదిలోనే బొడిపె పెరగడం మొదలైంది.

మొదట నేను పట్టించుకోలేదు. తర్వాత ఒక పొద్దున చూస్తే నిమ్మకాయ కాదు, జామకాయంత ఉంది. కట్టర్ తీసుకుని చెక్కి, గరుకు కాగితంతో రుద్ది, రంగేసి ఇంటికెళ్లాను. మర్నాడు మళ్లీ అంతే ఉంది. మళ్లీ చెక్కాను. మళ్లీ పెరిగింది. ఈసారి ఇంకాస్త పొడుగ్గా.

నాకు భయం వేయలేదు. ఒళ్లు మండింది. ఇంకొంచెం గారి పోరు చాలదన్నట్టు ఇంట్లోవాళ్లే నా పని చెడగొడుతున్నారనుకున్నాను.

"నాకు తెలీకుండా నా బొమ్మ మీద చెయ్యెందుకు వేస్తున్నావ్?" అని మరిది మీద విరుచుకుపడ్డాను.

"నేనా? ఒట్టు వదినా, నేను పొట్టలో తప్ప పైన ముట్టుకోను కదా."

"మరి దానంతట అదే పెరుగుతోందా?"

"రబ్బరు ఉబ్బుతోందేమో. తేమ ఎక్కువగా ఉంది."

"తేమకి ఒక్కచోటే ఉబ్బుతుందా? నాకు చెవిలో పువ్వు పెట్టకు."

అతను మొహం చిన్నబుచ్చుకుని తీగలు సర్దుకున్నాడు. ఆ పూటంతా ఒక్క జోకూ వేయలేదు. అదీ నాకు చిరాగ్గానే ఉంది.

ఆఖరి చూపుకి ఇంకొంచెం గారు మధ్యాహ్నం వస్తానన్నారు. ఈసారి నచ్చకపోతే పని వేరేవాళ్లకి ఇచ్చేస్తానని ఫోన్లోనే చెప్పేశారు. పొద్దుటినుంచీ ఒకటే వాన. గది నిండా ఆ పాత వాసన. చేప బల్ల మీద మనిషంత పొడుగున పడుకుని ఉంది. దవడ దూకుతోంది, కళ్లు తిరుగుతున్నాయి, దీపం వెలుగుతోంది. ఊపిరి తీసినట్టు కదలాల్సిన పక్క మాత్రం కదలట్లేదు.

"బొడిపె వెనకాల మోటారు ఇరుక్కుంది. చూస్తానుండు," అని మా మరిది చేప పొట్ట కింద కుట్టు విప్పి, కుడిచెయ్యి లోపలికి పోనిచ్చాడు. మోచెయ్యి దాకా.

అప్పుడే కరెంటు పోయింది.

కిటికీ లేని గదిలో చీకటి ఎలా ఉంటుందో చెప్పలేను. కళ్లు తెరిచినా మూసినా ఒకటే. వాన చప్పుడు కూడా ఆ గోడలు దాటి రాలేదు. వాసన ఒక్కటే పెరిగింది. పాతది కాదు, తాజా చేప వాసన. అప్పుడే నీళ్లలోంచి తీసినట్టు...

"వదినా."

"ఏంటి?"

"చెయ్యి రావట్లేదు."

"ఇప్పుడా నీ వేళాకోళం? ఆయన దారిలో ఉన్నాడు."

"వేళాకోళం కాదు." గొంతు బాగా తగ్గించి అన్నాడు. ఎవరైనా వింటారన్నట్టు.

ఫోన్ టార్చి వేశాను. అతని మొహం పాలిపోయి ఉంది, చెమటలు కారుతున్నాయి.

"తీగ గుచ్చుకుందా? నొప్పా?"

"నొప్పి లేదు. అదే భయంగా ఉంది. నా చెయ్యి ఎక్కడిదాకా ఉందో తెలీట్లేదు."

నేను వంగి చూశాను. కుట్టు దగ్గర అతని మోచెయ్యి లోపలికి వెళ్తోంది. వెళ్లే చోట అంచు కనపడలేదు. చర్మం ఎక్కడ ఆగిందో, రబ్బరు ఎక్కడ మొదలైందో తెలియలేదు. వేలితో తడిమాను. ఎక్కడా గీత లేదు. ఆ రంగు నేను కలిపిందే. అయినా పోల్చుకోలేకపోయాను.

"ఇక్కడ గిల్లితే తెలుస్తోందా?"

"తెలుస్తోంది."

"ఇక్కడ?"

"ఊఁ. తెలుస్తోంది."

చటుక్కున చెయ్యి తీసేశాను. రెండోసారి నేను గిల్లింది చేప వీపు మీద.

"వదినా..." అతను నా చెవి దగ్గరికి వంగాడు. "లోపల ఎవరో పట్టుకున్నారు."

"ఎవరు?"

"తెలీదు. వేళ్లలో వేళ్లు పెట్టి పట్టుకున్నారు. చిన్న చెయ్యి. వెచ్చగా ఉంది."

ఆ మాట అంటున్నప్పుడు అతని మొహంలో భయం తగ్గుతోంది. కళ్లు మూతలు పడుతున్నాయి. బల్ల మీదికి ఒరుగుతున్నాడు. బుగ్గ చేప పక్కకి ఆనించబోయాడు... నిద్రొచ్చిన పిల్లాడిలా.

జుట్టు పట్టుకుని వెనక్కి లాగాను. లాగితే అతనితో పాటు బల్ల కదిలింది. చేప కదిలింది. చెయ్యి మాత్రం రాలేదు.

అప్పుడు నాకు వచ్చింది కోపం. నెలల తరబడి కడుపులో కుక్కుకున్న కోపం. చెక్కిందీ, రుద్దిందీ, చెరిపిందీ, మళ్లీ చేసిందీ అంతా ఒక్కసారి తన్నుకొచ్చింది.

"ఎంతని ఇవ్వను? కళ్లిచ్చాను, నోరిచ్చాను, నా నిద్ర ఇచ్చాను! ఇంకొంచెం, ఇంకొంచెం... ఇక లేదు! మా వాణ్ణి వదులు!"

కట్టర్ తీసి బొడిపె పక్కనే దింపాను. కిందికి లాగాను.

మా మరిది గావుకేక పెట్టాడు. "నా వీపు! వదినా, నా వీపు!"

ఆగలేదు. ఆగితే మళ్లీ ధైర్యం రాదని తెలుసు. ఏడుస్తూనే ఇంకో గాటు పెట్టాను. లోపల ఏదో వదులైంది. అతను వెల్లకిలా నేల మీద పడ్డాడు. చెయ్యి బయటికొచ్చేసింది. అయిదు వేళ్లూ ఉన్నాయి. చెయ్యంతా తీగలు సాగే జిగురు. ఆ రోజు మేం జిగురు డబ్బా మూతే తీయలేదు.

పిడి తిప్పి, తలుపు తోసి, అతన్ని వానలోకి ఈడ్చుకెళ్లాను. చొక్కా ఎత్తి చూస్తే వీపు మీద ఎర్రగా రెండు గీతలు. చర్మం తెగలేదు. వానలో తడుస్తూ ఇద్దరం గోడకి ఆనుకుని కూర్చున్నాం.

కరెంటు వచ్చాక నేనొక్కదాన్నే లోపలికెళ్లాను. గాటు వెడల్పు చేసి, టార్చి వేసి మరీ చూశాను. స్పాంజి. తీగలు. మోటారు. అంతే.

ఇంకొంచెం గారు గొడుగు దులుపుకుంటూ అప్పుడే వచ్చారు. చీలిపోయిన చేపని చూసి తిడతారనుకున్నాను. తిట్టలేదు. చుట్టూ ఒకసారి తిరిగి గాట్ల దగ్గరికి వంగారు.

"ఇదే," అన్నారు మెల్లగా. "ఇదే అమ్మా నేను అడిగింది."

"ఇది వద్దు సార్. కాల్చేద్దాం. కొత్తది చేసిస్తాను, ఊరికే చేసిస్తాను."

ఆయన నవ్వి, తన మనుషులని పిలిచి, గాట్లు అలాగే పైపైన కుట్టించి బండెక్కించుకుపోయారు. నిజం చెప్పాలంటే నేను అడ్డం పడాల్సింది. కానీ అది నా కళ్ల ముందు నుంచి పోతోందన్న ఊరటే నన్ను ఆపేసింది.

ఆ గది ఖాళీ చేసేశాం. ఇప్పుడు పనిచేసే చోట నాలుగు వైపులా కిటికీలే. మా మరిది చెయ్యి బాగుంది. కొన్నాళ్లకి జోకులూ తిరిగొచ్చాయి. సినిమా వచ్చింది, జనం జడుసుకున్నారట. మేం చూడలేదు.

మొన్న పొద్దున ఒక ఫోన్ వచ్చింది. సినిమా సామాన్లు దాచే గోదాము చూసుకునే పెద్దాయన. మర్యాదస్తుడు, నా నంబరు కోసం చాలా తిరిగానని చెప్పాడు.

"చిన్న సందేహం తల్లీ. బొమ్మకి ఎండ తగలకుండా, ఎలుకలు కొట్టకుండా చూసుకుంటున్నాం. గాట్ల దగ్గర కుట్లు విడిపోయాయి, అదేం పెద్ద పని కాదు, మేం వేసేస్తాం. కానీ అందులోంచి బయటికి వచ్చి ఉన్న చిన్న చేతికి గోళ్లు బాగా పెరిగిపోయాయి. కత్తిరించమంటారా, అలాగే ఉంచమంటారా?"