రోమా బదులు అమోర్

"ఇదేంటో చదువు!"

ప్రిమిల్లా సీసం బిళ్లను నికాండర్ ముక్కు కిందకు తోసింది. టంకశాలలో కొత్త అచ్చు చెక్కగానే ముందు సీసం మీద కొట్టి చూస్తారు. బిళ్ల మీద దేవత ఈటె పట్టుకుని దర్జాగా కూర్చుంది. కింద ఆమె పేరు ‘రోమా’ అని ఉండాలి. లాటిన్ అక్షరాల్లో దాన్ని వెనక నుంచి చదివితే వచ్చే ‘అమోర్’ అని ఉంది. అంటే ప్రేమ.

నికాండర్ తల గోక్కున్నాడు. "అచ్చులో అక్షరాలు తిరగేసి చెక్కాలి కదా... మరిచిపోయాను."

"సాయంత్రం అధికారి చూశాడంటే నిన్ను ఎక్కడో దూరాన అంతియోక్ టంకశాలకు ఓడ ఎక్కించేస్తాడు!"

"ఎక్కిస్తే నీకేం?"

"నాకేం! పీడా పోతుంది."

అనేసి కిటికీ వైపు తిరిగింది. బయట రోమ్ నగరపు కేలియన్ కొండ మీద వాన అందుకుంది. చూరు నుంచి జారే ధారల వెనక ఊరంతా కలలోలా కరిగిపోతోంది.

నాణెం చుట్టూ వచ్చే చక్రవర్తి బిరుదులన్నీ ప్రిమిల్లా తండ్రి ఆంథస్ చెక్కేవాడు. ఆయనకు చూపు మందగించాక ఆ పని ఆమెకు వచ్చింది. బొమ్మా, దాని కింది చిన్న మాటా నికాండర్‌వి. ఆ మాటలో ఏదో ఒకటి చెడగొట్టి, దిద్దమని అతను ఆమెను పిలవని వారం లేదు.

"నిజం చెప్పు. నన్ను నవ్వులపాలు చేద్దామనేగా? పోతపనివాళ్లంతా నన్ను చూసి కూనిరాగాలు తీస్తున్నారు."

నికాండర్ ఉలి కింద పెట్టాడు.

"ఒట్టు, అది కాదు. చిన్నప్పటి నుంచీ తిరగేసే రాస్తున్నాను, ఎలా మరిచిపోతాను? కానీ సరిగ్గా చెక్కితే నువ్వు నా బల్ల దగ్గరికి రావుగా! నోటితో చెప్పే ధైర్యం లేక ఈసారి చేత్తో చెప్పాను."

ప్రిమిల్లా అతని ఉలి అందుకుని పక్కనే కూర్చుంది.

"జరుగు. సాయంత్రంలోగా ఈ అచ్చు అరగదీసి మళ్లీ చెక్కాలి. నువ్వు ఓడెక్కితే నేనెవరి తప్పులు దిద్దను?"

ఇదంతా వింటూ మూలన కూర్చున్న ఆంథస్ దగ్గాడు. "ఒరే గ్రీకు అబ్బాయ్, నువ్విలా వారానికో అచ్చు పాడుచేస్తే చక్రవర్తి దివాలా తీస్తాడు. జూన్‌లో పెళ్లి పెట్టేస్తాను, నోరు మూసుకుని చేసుకో!"

"అలాగే మామయ్యా!"

"అప్పుడే మామయ్యట!" ప్రిమిల్లా మోచేత్తో పొడిచింది.

సాయంత్రం అధికారి వచ్చి, కొత్త బిళ్లను వెలుతురులో పట్టి చూశాడు. "రోమా... చక్కగా కుదిరింది. ఎవరు చెక్కారు?"

"మేము" అన్నారు ఇద్దరూ ఒక్కసారే.