పడవ డంప్లింగు

"మూత తీసిందెవరు?"

ఆ గొంతు వినగానే కెస్టర్ చేతిలోని గరిటె గుండిగలోనే ఆగిపోయింది. వెనక్కి తిరిగి చూశాడు. ఎండు కొబ్బరి మట్టలు చంకన పెట్టుకుని, తలకు పచ్చ గుడ్డ చుట్టుకున్న అమ్మాయి వాన తుంపరలో నిలబడి ఉంది. ఆమె చూస్తున్నది అతన్ని కాదు, గరిటెను.

"అడుగంటుతుందేమోనని కలుపుతున్నానండీ," అన్నాడతను మర్యాదగా.

"కలుపుతున్నావా? ఆయిల్ డౌన్‌ని? ఏ ఊరు బాబూ నీది?"

"బెక్వే దీవి. మేం సీమపనసను నిప్పుల్లో కాల్చుకు తింటాం. కలిపే పనే ఉండదు."

"కలిపే పని ఇక్కడా లేదు. మరెందుకు కలిపావు?"

పొయ్యి చుట్టూ కూర్చున్న జాలర్లు మంటను చూస్తున్నారు. గ్వావ్ ఊళ్ళో పుట్టినవాడెవడూ చేయని పని అది. ఆయిల్ డౌన్ గుండిగను పేరుస్తారు గానీ కలపరు. అడుగున ఉప్పు మాంసం, దాని మీద సీమపనస ముక్కలు, అరటికాయలు, మునిగేదాకా పసుపు వేసిన కొబ్బరిపాలు. ఆ పైన పిండితో నులిమిన డంప్లింగులు, వాటికి దుప్పటి కప్పినట్టు చేమాకులు. అన్నిటి మీదా ఒకే ఒక్క మిరపకాయ, తొడిమ కూడా తీయకుండా. ఇక మూత పెడితే పాలన్నీ ఇంకి నూనె అడుగుకు దిగేదాకా దేవుడొచ్చినా తీయకూడదు. మిరపకాయ వాసనే ఇవ్వాలి, పగలకూడదు.

కెస్టర్ గరిటె తగిలి అది పగలనే పగిలింది.

ఆ మధ్యాహ్నం తిన్నవాళ్ళందరూ కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూనే తిన్నారు. ఆ అమ్మాయి పేరు వెర్లిన్. ఆమెను చిన్నప్పటి నుంచి పెంచిన పెద్దావిడ టాంటీ యులాలీ మాత్రం ముక్కు ఎగబీలుస్తూ నవ్వింది. "పడవలు కట్టేవాడికి గరిటె ఇస్తే తెడ్డనుకున్నాడు," అంది. ఆ మాటతో ఊరంతా నవ్వింది. వెర్లిన్ నవ్వలేదు. కారానికి ఎర్రబడిన ఆ అబ్బాయి చెవులను మాత్రం రెండుసార్లు చూసింది.

జాలర్లకు పడవ కట్టి ఇవ్వడానికి వచ్చాడు కెస్టర్. పని అయ్యేదాకా ఆ రేవులోనే ఉంటాడు. టాంటీ అతనికి శిక్ష వేసింది. వచ్చే ఆదివారం తన పెరట్లో పిండి పిసికి డంప్లింగులు చేయాలి.

పిండి పళ్ళెం ముందు పొట్టి పీట ఒకటి ఉండేది. దాని మీద ఆ ఇంటివాళ్ళే కూర్చుంటారు. గ్వావ్‌లో ఎంత చనువున్న చుట్టం వచ్చినా ఆ పీట తనంతట తాను లాక్కోడు. సంగతి తెలియని కెస్టర్ వచ్చీ రాగానే దాని మీద కూర్చున్నాడు. టాంటీ కనుబొమ్మలు పైకి లేచాయి గానీ ఏమీ అనలేదు. వెర్లిన్‌కు అది చాలా కాలం గుర్తుండిపోయింది.

డంప్లింగు అంటే అరచేతుల మధ్య నులిమి వేలంత పొడుగ్గా చేయాలి. కెస్టర్ చేతులకు చెక్కడమే వచ్చు. రెండు కొసలూ సన్నగా, నడుమ లావుగా, అడుగున బొటనవేలితో గిల్లిన గీతతో ఒక్కొక్కటీ అచ్చం బుల్లి పడవలా తయారయ్యింది.

"ఇవి ఉడుకుతాయా, తేలుతాయా?" అంది వెర్లిన్.

"తేలితేనే కదా ఉడికినట్టు."

"నోరు మాత్రం బాగా చెక్కారు నీకు."

"చెక్కినవాళ్ళు చాలామందే. నీ అంత పదును ఎవరూ పెట్టలేదు."

ఆమె చేమాకులు తుంచుతూ తల దించుకుంది. నవ్వు కనిపించకూడదని ఆమె పాట్లు. కనిపించిందని అతని సంతోషం. ఇంతలో చినుకులు మొదలయ్యాయి. పళ్ళెం తడవకుండా ఇద్దరూ ఒకే రేకు కింద దూరారు. ఆ రేకు వెడల్పు ఎంతో టాంటీకి ముందే తెలుసు. అందుకే తను ఇంట్లోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది.

ఆ తర్వాత ప్రతి ఆదివారమూ పీట అతనిదే. పడవ డంప్లింగులు చూసి వీధి వీధంతా ఎగతాళి చేసింది. టాంటీ మాత్రం గుండిగలోంచి ఏరి మరీ అవే వేసుకునేది. "సన్నని కొసలు కొరకడానికి బాగుంటాయి," అని సాకు చెప్పేది. వెర్లిన్ ఏ సాకూ చెప్పకుండానే తినేది.

క్రిస్మస్‌కు ముందు కెస్టర్ కట్టిన పడవ నీళ్ళలోకి దిగింది. అదే వారం బెక్వే నుంచి కబురు వచ్చింది. కెస్టర్ తండ్రి నిచ్చెన మీంచి పడి నడుం విరగ్గొట్టుకున్నాడట.

"ఫిబ్రవరిలో స్వాతంత్ర్య దినానికి వచ్చేస్తాను," అన్నాడు కెస్టర్, సంచి భుజాన వేసుకుని. "ఆ రోజు మీ టాంటీతో ఒక మాట మాట్లాడాలి."

"ఏం మాట?"

"ఆవిడతో మాట్లాడే మాట నీకెందుకు? పీట మాత్రం నాకే ఉంచు."

"ఉంచకపోతే?"

"నిలబడి చేస్తాను. ఎలాగైనా చేస్తాను."

స్వాతంత్ర్య దినం వచ్చింది. ఎరుపూ పసుపూ ఆకుపచ్చా బట్టల్లో ఊరు ఊరంతా వీధుల్లోకి వచ్చింది. ప్రతి పెరట్లోనూ గుండిగ ఎక్కింది. కెస్టర్ రాలేదు. మధ్యాహ్నం పడవ కూడా వచ్చి వెళ్ళాక టాంటీ, "పిండి ఎండిపోతోందే," అంది మెల్లిగా. ఆఖరికి ఎవరో ఒకరు ఆ పిండి సంగతి చూశారు.

మరుసటి ఏడు వెర్లిన్ పిండి తడపనే లేదు. ఆ పై ఏడూ అంతే. ఆమె గుండిగలో అన్నీ ఉండేవి, డంప్లింగు ఒక్కటే ఉండేది కాదు. ఊళ్ళో ఎవరు కారణం అడిగినా, "పిండి నాకు పడదు," అనేది. పళ్ళు ఊడిన వయసులో మెత్తని డంప్లింగు కోసం ప్రాణం లాగేది టాంటీకి. అయినా ఒక్కనాడూ అడగలేదు. ఈలోగా రెండు మంచి సంబంధాలు వచ్చి వెళ్ళాయి. ఆ మగవాళ్ళలో లోపం ఏమీ లేదు. ఆమె చూపు ఆ ఖాళీ పీట దాటి రాలేదు, అంతే.

అలా అయిదేళ్ళు గడిచాయి. మళ్ళీ స్వాతంత్ర్య దినం వచ్చింది.

వెర్లిన్ గుండిగ పేర్చి మూత పెట్టి, మట్టలు ఎగదోస్తూ ఉంది. రేవులో జాలర్ల గుండిగ ఎప్పుడూ ముందే దిగుతుంది. ఒక పెరటి వంట ఇంకో పెరటికి గిన్నెలో పంపుకోవడం ఊరి అలవాటు. పిన్ని కొడుకు ఆల్బన్ అరిటాకు కప్పిన గిన్నె తెచ్చి ఆమె చేతిలో పెట్టాడు. తూర్పు తీరంలోని తన ఊరు వదిలేసి, పెళ్ళయ్యాక ఇక్కడే రేవులో చేపల పనిలో కుదురుకున్నాడతను.

"తిని చూడవే. ఇవాళ మా వంటే గొప్ప," అన్నాడు.

"ఏటా అదే మాట చెబుతావు," అంటూ వెర్లిన్ ఆకు తీసింది.

సీమపనస ముక్కకు ఆనుకుని ఒక డంప్లింగు ఉంది. రెండు కొసలూ సన్నగా, నడుమ లావుగా. వేలితో తిప్పి చూసింది. అడుగున గిల్లిన గీత.

ఆమె ఆల్బన్ వైపు తిరిగింది.

"ఇవి ఎవరు చేశారు?"

"ఎవరో వడ్రంగట. పాత పడవకి పలకలు మార్చడానికి మొన్న వచ్చాడు. మాట తక్కువ మనిషి. పని అయిపోయింది, సాయంత్రం పడవకి వెళ్ళిపోతాడు. ఏం, ఉప్పెక్కువైందా?"

వెర్లిన్ అప్పటికే వీధిలో ఉంది. గిన్నె చేతిలోనే ఉంది. తలగుడ్డ దారిలో ఎక్కడో జారిపోయింది.

రేవులో బాదం చెట్టు కింద కెస్టర్ ఉలులు గుడ్డలో చుట్టుకుంటున్నాడు. కొంచెం ఒళ్ళు చేశాడు. చెవులు మాత్రం అవే. ఆమెను చూసి లేచి నిలబడ్డాడు.

"ఎందుకు రాలేదు?" అంది వెర్లిన్. పలకరింపు లేదు, కుశలం లేదు.

"వచ్చాను."

"ఎక్కడికి?"

"మీ వీధి మలుపు దాకా. గాలి లేక నేనెక్కిన తెరచాప పడవ ఆలస్యమైంది. పరిగెత్తుకుంటూ వచ్చాను. నా పీట మీద ఇంకొకడు కూర్చున్నాడు. మోచేతుల దాకా పిండి. నువ్వు వాడి మొహం మీద పిండి తుడుస్తున్నావు. ఇంటివాడు కానివాణ్ణి అక్కడ కూర్చోబెట్టరని అప్పటికి నాకు తెలుసు." అతను ఉలి వైపు చూశాడు. "అక్కణ్ణుంచే వెనక్కి వెళ్ళాను."

వెర్లిన్‌కు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. రెండూ కలిసే వచ్చాయి.

"వాడి మొహం చూశావా?"

"చూడబుద్ధి కాలేదు."

"ఇవాళ పొద్దుటి నుంచీ చూస్తూనే ఉన్నావు. నీ పక్కన కూర్చుని, నీ డంప్లింగులు మింగి, నాక్కూడా మోసుకొచ్చినవాడు వాడే. మా పిన్ని కొడుకు ఆల్బన్. ఆ రోజు పిండి ఎండిపోతోందని టాంటీయే వాణ్ణి కూర్చోబెట్టింది."

కెస్టర్ ఉలుల మూట కింద పెట్టేశాడు.

"ఒక్క కేకేసి పిలిస్తే నోటి ముత్యాలు రాలిపోయేవా?" అందామె. "ఆనాడు కలపకూడని గుండిగ కలిపావు. ఈసారి తియ్యాల్సిన మూత తియ్యకుండానే వెళ్ళిపోయావు. మనిషివేనా నువ్వు?"

"కాదు," అన్నాడు కెస్టర్. "అయిదేళ్ళ నుంచీ సరైన మనిషిని కాదు. నిన్ను ఒక్క ఆదివారం కూడా మరిచిపోలేదు వెర్లిన్. ఈ పని ఒప్పుకున్నది కూడా దూరం నుంచైనా ఒకసారి చూద్దామని. నీ మెడ పట్టుకుని పిల్లలెవరైనా వేలాడుతూ కనిపిస్తే ఈసారి ప్రశాంతంగా వెళ్ళిపోదామనుకున్నాను."

"నా గుండిగ చూసుంటే తెలిసేది. నువ్వు వెళ్ళాక దాంట్లో డంప్లింగు పడలేదు."

రెండు చినుకులు పడ్డాయి. ఇద్దరూ కదల్లేదు.

"ఆ పీట ఇంకా ఉందా?"

"ఉంది. ఆ ఒక్క రోజు తప్ప ఎవరూ కూర్చోలేదు."

పెరట్లో టాంటీ యులాలీ కర్ర మీద గడ్డం ఆనించి, నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని ఉంది. వాళ్ళిద్దర్నీ చూసి ఆశ్చర్యపోయినట్టు కనీసం నటించనైనా లేదు.

"ఇంత సేపా? డంప్లింగు చల్లారిపోయుంటుంది," అంది.

వెర్లిన్ ఆగిపోయింది. "నీకు తెలుసా టాంటీ?"

"నిన్న చర్చి నుంచి వస్తూ రేవులో వీణ్ణి చూశాను. పిండి ఆ వడ్రంగి చేతికే ఇప్పించు, మొదటి గిన్నె మా ఇంటికే పట్టుకురా అని ఆల్బన్‌కి చెప్పింది ఎవరనుకున్నావ్?"

"నాకు చెప్పొచ్చు కదా."

"చెబితే తలుపేసుకునేదానివి. డంప్లింగు చూసి పరిగెత్తావు." టాంటీ కర్రతో కెస్టర్ మోకాలు పొడిచింది. "ఏరా అబ్బాయ్, నాతో ఏదో మాట్లాడాలన్నావట అప్పుడెప్పుడో. ఎండిపోయిందా ఆ మాట?"

"లేదు టాంటీ." కెస్టర్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. "వెర్లిన్‌ని నాకిమ్మని అడగాలి. ఇక్కడే ఉంటాను. పడవలు ఈ రేవులోనే కడతాను."

టాంటీ వెర్లిన్ మొహం చూసింది. ఇక అడిగి తెలుసుకోవాల్సింది ఏమీ మిగలలేదు. ముసలావిడ కళ్ళు తుడుచుకుని, పొయ్యి మీద మూత పెట్టి ఉన్న గుండిగ వైపు కర్ర చూపించింది.

"ఆ మూత తియ్యవే."

ఎప్పుడొచ్చాడో, గోడ మీంచి చూస్తున్న ఆల్బన్ నిర్ఘాంతపోయాడు. ఎక్కిన గుండిగ మూత తియ్యమని టాంటీ నోట ఆ వీధిలో ఎవరూ విని ఉండరు. వెర్లిన్ కూడా కదల్లేదు.

"తియ్యమంటుంటే. పాలు ఇంకా ఉన్నాయి. డంప్లింగులు ఉడుకుతాయి."

వెర్లిన్ గబగబా పిండి తడిపింది. కెస్టర్ పొట్టి పీట లాక్కుని కూర్చున్నాడు. ఈసారి దాని సంగతి తెలిసే కూర్చున్నాడు. అతని చేతుల్లోంచి ఒక్కొక్క పడవా దిగుతుంటే ఆమె చేమాకుల అంచు ఎత్తి, మిరపకాయ కదలకుండా, పసుపు పాలల్లోకి వదిలింది. ఆవిరికి ఆమె కళ్ళు చెమ్మగిల్లాయి. ఆవిరి ఆరిపోయాక కూడా అలాగే ఉన్నాయి. పాలు ఇంకుతున్నాయేమో చూద్దామని కెస్టర్ గరిటె వైపు చెయ్యి చాచాడు.

"ముట్టుకున్నావంటే," అంది వెర్లిన్.

అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. రేవులో సాయంత్రం పడవ కూత వేసింది. పెరట్లో ఎవరూ తల ఎత్తలేదు.

నూనె దిగాక మొదటి గిన్నె టాంటీకి పెట్టారు. ఆవిడ ఒక పడవను పెదాలతో నొక్కి, చాలాసేపు నోట్లో నానబెట్టి, మింగింది.

"ఉప్పు తక్కువైంది," అంది, ఇంకొకటి వెయ్యమని గిన్నె చాపుతూ.