నాలుగో రైలు పాసు

పెనం మీద పెసరట్టు మాడుతున్నా శశికళ చూపు ఫోన్ మీదే ఉంది. జపాన్ రైలు పాసులు అక్కడికెళ్ళాక దొరకవు, అమెరికాలోనే కొనాలి. మూడు కావాలో నాలుగు కావాలో మధ్యాహ్నంలోగా తేల్చమని చికాగో ట్రావెల్ ఏజెంట్ ఖరాఖండీగా చెప్పేశాడు.

తేలనివ్వనిది అత్తగారు శేషమ్మ. చికాగో పక్కన షామ్‌బర్గ్‌లో కొడుకింట్లో కొన్ని నెలలుండి తిరిగి ఇండియా వెళ్తున్న ఆవిణ్ణి దిగబెట్టడానికి కూతురు రేణుతో సహా ఇంటిల్లిపాదీ బయల్దేరుతున్నారు. దారిలో జపాన్‌లో ఆగి క్యోటో గుళ్ళు, నారా పెద్ద బుద్ధుడు, హిమేజీ కోట రైల్లో తిరిగి చూడాలని శశికళ ఏడాదిగా కలలు కంటోంది. పెద్దావిడది మాత్రం వారంగా ఒకటే పాట, తనని తిన్నగా బొంబాయి విమానం ఎక్కించెయ్యమని. మోకాళ్ళ నొప్పులా అంటే కాదు, తిండి భయమా అంటే అదీ కాదు. భర్త భీమశంకర్ "అమ్మ సంగతి నువ్వే చూడు" అని పేపరు వెనక దాక్కున్నాడు. శశికళకి ఒళ్ళు మండిపోయింది.

స్టవ్ ఆపి అత్తగారి గదిలోకి వెళ్ళింది. ఆవిడ చీరలు మడతపెడుతోంది.

"అత్తయ్యా, మీరు రాకపోతే మేమెవరమూ కదలం. ఇంత ప్లాన్ చేసి కాన్సిల్ చెయ్యమంటారా? అసలు మీ కష్టమేమిటో చెప్పండి."

"నాకోసం ఆగకండమ్మా. మీరు ముగ్గురూ చూసి రండి. పిల్ల చెప్పిందిగా."

"రేణు ఏం చెప్పింది?"

"'మేము బుల్లెట్ ట్రెయిన్ ఎక్కుతాం నానమ్మా, మేము బుద్ధుణ్ణి చూస్తాం' అంది. పిలవని పేరంటానికి నేనెందుకు?"

శశికళ తల పట్టుకుంది. ఇక్కడే పుట్టిన రేణుకి 'మనం' అన్న మాట నోట రాదు. ఇంగ్లీషులో 'వీ' లాగే అన్నిటికీ 'మేము' ఒక్కటే. వారం రోజుల రభస ఈ ముక్క కోసమా అని నవ్వూ కోపమూ కలిసి వచ్చాయి. దానికి తెలుగు సరిగా రాదనీ, మిమ్మల్ని కలుపుకునే అందనీ సర్దిచెప్పబోయింది.

శేషమ్మ చేతిలో చీర పక్కన పెట్టింది. "దానికి రాదు, సరే. నీకూ అబ్బాయికీ వచ్చుగా. ఇన్నాళ్ళూ నా ఎదుటే ఇంగ్లీషులో మాట్లాడుకున్నారు. ఒక్కరైనా నాతో 'మనం' అన్నారా?"

శశికళ ఊళ్ళన్నీ ఎంచుకుంది, హోటళ్ళు వెతికింది, అత్తగారిని మాత్రం అడగలేదు. సామాను లాగా ఎలాగూ వెంట వస్తుందనుకుంది. సిగ్గుతో కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"తప్పు నాదే. మనం నలుగురం వెళ్దాం అత్తయ్యా. వస్తారా?"

శేషమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుని, రైల్లో పులిహోర తింటే జపాన్ వాళ్ళేమీ అనుకోరు కదా అని అడిగింది.

ఫోన్‌లో ఏజెంట్‌కి "ఫోర్" అని చెప్పేసింది శశికళ.