ఏడాది ఆలస్యంగా చెప్పిన శుభాకాంక్షలు

"ఫోన్ చేశావంటే చూడు! వాళ్ల పండక్కి శుభాకాంక్షలు చెప్పడం మన ధర్మం కాదని ఎన్నిసార్లు చెప్పాలి నీకు?"

భర్త ఇల్లెగిరిపోయేలా అరిచాడు. అయినా ఆమె చేతిలోని ఫోన్ వదల్లేదు. ప్రేమించి పెళ్లాడి, మనస్ఫూర్తిగా ఇస్లాం స్వీకరించి, ఒక్కపూట కూడా నమాజు మానని మనిషి ఆమె! మతం మారింది నిజమే... అంతమాత్రాన కన్నతల్లి మారుతుందా?

ఆ తల్లి ఎలాంటిదని! ఉపవాసాల నెలలో కూతురు ఎక్కడ నిద్రపోయి తెల్లవారుజాము భోజనం మానేస్తుందోనని, తనది ఆ మతం కాకపోయినా రోజూ అలారం పెట్టుకుని లేచి మరీ ఫోన్ చేసేది. "లేమ్మా, నాలుగు మెతుకులు తిను" అని బతిమాలేది. కూతురి పండుగకు అందరికన్నా ముందు ఆవిడ శుభాకాంక్షలే వచ్చేవి. ఒక్కోసారి నెలవంక కనిపించకముందే చెప్పేసి నాలిక్కరుచుకునేది!

అలాంటి తల్లికి పోయినేడాది తన పండుగనాడు ఏం దక్కింది? భర్త మాటకు తలొగ్గి కూతురు ఫోనే ఎత్తలేదు. పిల్లకు ఒంట్లో బాగాలేదేమోనని ఆ పిచ్చితల్లి కట్టుకున్న కొత్తచీరతోనే బస్సెక్కి వచ్చేసింది! "బాగానే ఉన్నానమ్మా" అంది కూతురు గుమ్మంలోంచే. పండుగ మాట ఎత్తలేదు. ఆవిడకు అంతా అర్థమైంది. "ఇక పండక్కి ఫోన్ చెయ్యన్లే తల్లీ... నీకెందుకు ఇబ్బంది" అని నవ్వబోయి, నవ్వు రాక వెళ్లిపోయింది. ఆ మాట ఏడాదిగా కూతుర్ని తినేస్తూనే ఉంది.

అన్నట్టే ఈసారి ఫోన్ రాలేదు. పొద్దెక్కినా రాలేదు...

"ఏవండీ, మసీదులో ఆడవాళ్లకి చదువు చెప్పే టీచరమ్మని అడిగాను. ఇందులో మతపెద్దల్లోనే రెండు మాటలున్నాయట. కొందరు అసలే వద్దంటారు. వాళ్ల పూజల్లో కలవకుండా మంచి కోరి పలకరిస్తే తప్పులేదని కొందరంటారు. మీరు మొదటి మాట పట్టుకోండి, కాదనను. నేను రెండోది పట్టుకున్నాను. కన్నవాళ్లది ఏ మతమైనా ఆదరించమన్నది మాత్రం ఇద్దరూ ఒప్పుకునేదే!"

"నాకే పాఠాలు చెప్తున్నావా?"

"నీ కళ్లజోళ్ల కొట్టు ముందు ఆ పండుగ శుభాకాంక్షల బ్యానర్ కట్టిందెవర్రా?" పక్కగదిలోంచి వస్తూనే అత్తగారు అందుకుంది.

"అది వ్యాపారం అమ్మా..."

"ఓహో! దారినపోయేవాళ్లందరికీ చెప్పొచ్చు, పిల్లనిచ్చిన అత్తకి చెప్పకూడదా?"

కోడలు ఆగకుండా నంబరు నొక్కేసింది.

"అమ్మా... పండుగ శుభాకాంక్షలమ్మా!"

అవతల సన్నగా వెక్కిళ్లు వినిపించాయి.

"తల్లీ... అల్లుడుగారు పక్కనే ఉన్నారా? కోపమొస్తుందేమో... పెట్టెయ్యమ్మా!"

ఆమె కన్నీళ్లతోనే భర్త ముఖంలోకి సూటిగా చూసింది.

"రానివ్వమ్మా. ఆయన కోపం తగ్గేదాకా మనం మాట్లాడుకుందాం" అంటూ కుర్చీ లాక్కుని కూర్చుంది.