ఉద్యోగం: మహారాజు

"నలభై ఒకటో స్థానం ఎవరికిచ్చారు?"

తలుపు తోసుకుని వస్తూనే ఆ అమ్మాయి అడిగిన మొదటి మాట అది. బయట వాన దంచి కొడుతోంది. గొడుగును పుస్తకానికి పట్టి, తాను నిలువునా తడిసి వచ్చింది.

ఆ పుస్తకం పేరు 'పెట్టిన ఫీజుకు తగ్గ చదువులు'. బొమ్మలు, సంగీతం, నృత్యం, నాటకం నేర్పే కాలేజీల్లో ఎక్కడ కడితే ఎంత ఫలితమో చెప్పే పుస్తకం. ఏటా వేసేది బాబాయి, లెక్కలు కట్టేది అన్న కొడుకు. చుక్క తర్వాత మూడంకెలు వేయనిదే నిద్రపట్టని మనిషి కాబట్టి అతన్ని ఆఫీసంతా దశాంశం అనే పిలిచేది.

"మొత్తం ఎన్ని కాలేజీలున్నాయి?" అందామె.

"నలభై ఒకటండీ."

"అంటే మాది ఆఖరిది."

"ఆఖరిదే. కానీ నలభయ్యో కాలేజీకీ మీకూ తేడా..." దశాంశం ఫైలు తిప్పి చూశాడు. "చాలా ఉంది."

ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. నీళ్లు కారి నేలంతా మడుగైంది. తాను నాటకశాఖలో లైటింగ్ చెప్తానని, అందరూ లైట్ల మేడం అంటారని చెప్పింది. "మీ పుస్తకం వచ్చాక మా దగ్గర చేరింది నలుగురు. సోమవారానికి పన్నెండు మంది కాకపోతే శాఖ మూసేస్తారు. మా ఫీజు ఇంత తక్కువ కదా, ఆఖరికి ఎలా పోయాం?"

"ఫీజు దగ్గర మీరు బంగారం. చదువయ్యాక ఏం చేస్తున్నారన్న దగ్గరే దెబ్బతిన్నారు. మీ దగ్గర చదివి వెళ్లిన ఇరవై రెండు మంది ఫారాలు నింపి పంపారు. చదవమంటారా?"

"చదవండి."

"ఉద్యోగం: మహారాజు. ఆదాయం: ప్రజలు కట్టే పన్నులు. ఇంకొకరిది, ఉద్యోగం: దొంగ. ఆదాయం: ఇంటిని బట్టి. ఇంకొకరు, దెయ్యం. ఆదాయం: లేదు. బతికున్నప్పుడూ లేదు."

లైట్ల మేడం మొహంలో కోపం దిగిపోయి ఇంకేదో వచ్చింది. "ఇవి ఎప్పుడు పంపారు?"

"మార్చిలో."

"అయ్యో రామా! మార్చిలో మా పాత విద్యార్థులంతా కలిసి నాటకం వేస్తారండీ. రిహార్సల్ మొదలైన రోజు నుంచి ఆట అయ్యేదాకా పాత్రలోంచి బయటకు రాకూడదని మా పెద్దమాస్టారి రూలు. ఉత్తరం రాసినా, బస్సెక్కినా పాత్రలోనే."

"మహారాజు బస్సులో టికెట్ కొంటాడా?"

"కొనడు. ఏటా మేమే ఫైన్ కడతాం. ఇంతకీ మీరు వీళ్లను ఏ లెక్కలో వేశారు?"

"మహారాజును, దొంగను నిరుద్యోగుల్లో వేశాను. దెయ్యాన్ని ఇతరుల్లో."

ఆమె గొడుగు తీసుకుని లేచింది. "రేపు నాతో రండి. ఒక్కొక్కర్నీ చూపిస్తాను."

*

బుధవారం బయల్దేరారు. మహారాజు రేడియో స్టేషన్లో సౌండ్ ఇంజనీరు. దొంగ బడిలో పిల్లలకు డ్రామా చెప్తున్నాడు, పిల్లలు వదలడం లేదు. దెయ్యం కార్టూన్ సినిమాలకు గొంతు ఇస్తోంది, చేతినిండా పని. దశాంశం అందరి దగ్గరా జీతం కాగితాలు అడిగి తీసుకుని రెండేసి సార్లు చూశాడు.

దారిలో వాన పట్టుకుంటే ఒక షాపు రేకుల కింద నిలబడ్డారు.

"కొంచెం ఎడమకు జరగండి. మీ మొహం మీద నీడ పడుతోంది" అందామె, అలవాటు కొద్దీ.

అతను జరిగాడు. అక్కడ రేకుకు చిల్లు ఉంది. నీళ్లు సరిగ్గా నడినెత్తిన పడుతున్నాయి. జరగమన్న మనిషి మళ్లీ జరగమనలేదు కాబట్టి వాన తగ్గేదాకా అలాగే నిలబడ్డాడు.

గురువారం ఆమె అతన్ని కాలేజీ స్టేజి చూడ్డానికి తీసుకెళ్లింది. ఖాళీ స్టేజి మీద ఒక చెక్కకుర్చీ. ఆమె పైనున్న లైట్లలో ఒకటి ఆర్పి, ఇంకొకటి వేసింది.

"ఏం మారింది?"

దశాంశం కళ్లద్దాలు తుడుచుకుని చూశాడు. "కుర్చీ అదే. కానీ ఎవరో ఇప్పుడే లేచి వెళ్లిపోయినట్టుంది. పాపం, మళ్లీ వస్తారో రారో."

లైట్ల మేడం స్విచ్చుల దగ్గర నిలబడి అతన్నే చూస్తోంది. అతని గుండె ఒక్కసారి లయ తప్పింది. ఏదైనా జరిగితే టైం రాసుకోవడం అతనికి అలవాటు. వాచీ చూశాడు. మూడుంబావు.

*

శుక్రవారం లెక్క మళ్లీ కడితే నాటకశాఖ ఆరో స్థానానికి వచ్చింది. మూడుసార్లు కట్టినా ఆరే. సంతోషపడాల్సింది పోయి అతనికి చెమటలు పట్టాయి. దెయ్యానికి వచ్చే సంవత్సరం దొరకబోయే పనిని కూడా ఈ సంవత్సరంలోనే వేసేశాడు! పుట్టి బుద్ధెరిగాక అలాంటి పని చేయలేదు.

కాలేజీలో తనకు కావలసినవాళ్లుంటే ఆ కాలేజీ లెక్క తాను కట్టకూడదు. ఆ సంబంధం ఏమిటో ఫారంలో నింపి బాబాయికి ఇవ్వాలి, అది ఆఫీసు రూలు. ఇస్తే ఈ లెక్క చెత్తబుట్టలోకి పోతుంది, సోమవారం దగ్గరికొచ్చేసింది, ఆమె శాఖ మూతపడుతుంది. ఇవ్వకపోతే, పిల్లల చదువు కోసం ఈ పుస్తకాన్ని నమ్మిన తల్లిదండ్రుల్ని ముంచినట్టు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

సాయంత్రానికి ఫారం నింపాడు.

"ఎవరితో సంబంధం: లైట్ల మేడంతో. సంబంధం: ప్రేమ. ఎప్పటి నుంచి: గురువారం, మూడుంబావు. ముగిసే తేదీ..." బాబాయి పైకి చదివి ఆగాడు. "ఇది ఖాళీగా వదిలేశావేంరా?"

"ఏం రాయాలో తెలియలేదు బాబాయ్."

"ఆ అమ్మాయికి తెలుసా?"

"తెలియదు."

"ఆ పిల్లకు చెప్పకుండా నాకు చెప్తావేంరా, నీ తెలివి తెల్లారినట్టే ఉంది!"

"రూలు నీదే కదా."

బాబాయి ఫారం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "కింది సగం అవతలివాళ్లు నింపాలి. నేనే తీసుకెళ్తాను. లెక్క కూడా నేనే కడతాను. నువ్వు ఆ కాలేజీ ఛాయలకు పోకు."

జీవితంలో ఒకే ఒక్క నాటకానికి వెళ్లి, తెర లేవకముందే నిద్రపోయిన మనిషి బాబాయి. దశాంశానికి ఆశ చచ్చిపోయింది.

శనివారం పొద్దున్నే ఫోను మోగింది.

"మీరు ఇక రారట కదా. మధ్యలో వదిలేశారా?" అంది లైట్ల మేడం.

"వదల్లేదండీ. నేను లెక్క కట్టకూడదు."

"ఎందుకని?"

"ఫారంలో రాశాను."

"ఫారంలో! మనిషికి నోరు లేదా?" ఠపీమని పెట్టేసింది. దశాంశం ఆ రోజు అన్నం ముట్టలేదు.

ఆదివారం సాయంత్రం బాబాయి కాళ్లీడ్చుకుంటూ వచ్చాడు. ఇరవై రెండు మందినీ స్వయంగా కలిశాడట. "తొమ్మిదో స్థానం" అన్నాడు, నీళ్లు తాగి.

"నాకు ఆరు వచ్చింది."

"వస్తుందిరా, నీకెందుకు రాదు!" అని బాబాయి అప్పటికప్పుడే సవరణ రాసి, పుస్తకం కొన్న ప్రతి ఇంటికీ ఫోన్లో పంపించాడు. ఫారం సంగతి మాత్రం ఎత్తలేదు. అడిగే ధైర్యం దశాంశానికి లేదు.

*

సోమవారం ఆఫీసు కట్టేసే వేళకు తలుపు తెరుచుకుంది. లైట్ల మేడం. వాన లేదు.

"పన్నెండు" అంది. "పన్నెండోవాడు ఐదింటికి పది నిమిషాలు ఉందనగా చేరాడు."

"చాలా సంతోషమండీ" అన్నాడు దశాంశం.

ఆమె బ్యాగులోంచి ఫారం తీసి బల్ల మీద పెట్టింది. అతను కింది సగం చదివాడు. సంబంధం: పైన రాసినదే. ఎప్పటి నుంచి: బుధవారం.

"బుధవారమా? నాకంటే ఒక రోజు ముందా? ఎందుకండీ?"

"కారణం అడిగే గడి ఇందులో లేదు. ఉన్నవి చదవండి."

ముగిసే తేదీ అన్న గడిని ఆమె స్కేలు పెట్టి, పైసగంలోనూ కింది సగంలోనూ నిండుగా కొట్టేసింది. పక్కన సంతకం చేసింది.

దశాంశం కళ్లద్దాలు తుడుచుకుని ఆ గీతల్ని రెండుసార్లు చూశాడు. ఏడుపొస్తోందో నవ్వొస్తోందో అతనికి తేలలేదు. చివరికి, "గడి కొట్టేస్తే ఇద్దరి సంతకాలూ ఉండాలండీ" అన్నాడు.

ఆమె పెన్ను మూత తీసి ఇచ్చింది. "అందుకే వచ్చాను."