లోపలికి పచ్చ, బయటికి ఎరుపు

డాక్టర్ గంధం వరహాలరావు గారు తన ఇంటి సర్వర్‌ని ఆపి మళ్ళీ మొదలుపెట్టారు. గడియారం సరిగ్గానే ఉంది. బయటివాళ్ళు లోపలికి వచ్చే పోర్టు తెరిచే ఉంది. ఇంటివాడి గుర్తింపు సర్టిఫికెట్‌కి దాని తాళంచెవి సరిపోయింది. తెరమీద పచ్చదీపం నిక్షేపంగా వెలుగుతోంది. ఇంక లోపమంటూ ఉంటే అది మనుషుల్లోనే ఉందని ఆయన తేల్చేసుకున్నారు. వేసవి నుంచీ ఆ ఇంటికి పలకరింపుగా ఒక్కరూ రాలేదు మరి.

ఆ నాటి విశాఖలో రావడమంటే నడిచి రావడం కాదు. ఏ కాలంలోనైనా పగటిపూట ఎండలో అడుగుపెట్టేవాళ్ళే లేరు. ఇంటింటికీ 'గుమ్మం' అనే యంత్రం ఉండేది. మీ ఇంట్లో కూర్చుని మీట నొక్కితే చాలు, మీ రూపమూ గొంతూ స్నేహితుడి హాల్లో ఎదుటి కుర్చీలో ప్రత్యక్షం. దాన్ని కనిపెట్టింది వరహాలరావు గారే.

దొంగలు ఊరుకుంటారా? ఇంకొకళ్ళ ముఖాలు తగిలించుకుని పెద్దమనుషుల్లా వచ్చి కూర్చోవడం మొదలెట్టారు. అందుకని ఆయన సర్టిఫికెట్లు పెట్టారు. "నేను వరహాలరావుని" అని ఎవడైనా అనొచ్చు. ఆ మాటకి వార్డు ఆఫీసు పూచీ పడాలి, వార్డుకి నగరం పూచీ పడాలి. నగరాన్ని అన్ని యంత్రాలూ నమ్ముతాయి. వచ్చినవాడిదైనా, ఇంటివాడిదైనా, మధ్యలో ఒక్క పూచీ కనబడకపోయినా గుమ్మం తెరుచుకోదు. 'ఫరవాలేదు, తెరువు' అనే మీట కూడా ఆయన ఉంచలేదు. మనుషుల మొహమాటం సంగతి ఆయనకి బాగా తెలుసు.

ఆఖరుగా వచ్చింది జకరయ్య మాస్టారు. చిన్ననాటి స్నేహితుడు, రోజూ సాయంత్రం వచ్చి వాదించందే నిద్రపట్టని మనిషి. "నీ గుమ్మం పుణ్యమా అని మనుషులు భుజం మీద చెయ్యి వేసుకోవడం మర్చిపోయార్రా" అన్నారు ఆ రోజు. వరహాలరావు గారికి పౌరుషం వచ్చి టక్కున గుమ్మం మూసేశారు. మర్నాడు పాత సర్టిఫికెట్ గడువు తీరితే కొత్తది పెట్టుకుని, రావలసినవాడు వాడే అని బిగుసుకుని కూర్చున్నారు. నెలలు గడిచేసరికి కోపం కాస్తా దిగులైంది. ఎదుటి కుర్చీని చూడలేక భోజనం వంటింట్లోనే కానిచ్చేవారు.

వంట మాత్రం ఇంకా యంత్రాలకి లొంగలేదు. అందుకే అప్పలనరసమ్మ రోజూ చీకటితోనే నడిచి వచ్చేది. ఆవేళ మాత్రం పొద్దెక్కాక, తలకి తడి తువ్వాలు చుట్టుకుని వచ్చింది.

"ఆలీసెమవుద్దని సెప్దామని ఫోన్లోంచి మీ గుమ్మం తట్టినాను బాబూ. ఎర్రదీపమెలిగింది. ఈ ఇంట్లోనాయన వరహాలరావు కాదు, దొంగోడు, ఎనక్కెళ్ళిపో అంటాది!"

"ఎర్రదా? ఇక్కడ పచ్చగానే ఉందే!"

"లోపలున్నోరికి పచ్చేనేమో. నాను బైటున్నాను గదా!"

ఆయన ఆ ఫోన్ అందుకుని చూడగానే తల పట్టుకున్నారు. కొత్త సర్టిఫికెట్‌కి వార్డు పూచీ జత చెయ్యడం మరిచారు. ఆయన సొంత యంత్రం పాత పూచీని దాచుకుని ఉంది కనుక పచ్చగా చూపించింది. బయటి యంత్రాలు ప్రతిసారీ కొత్తగా అడుగుతాయి, దొరక్క వచ్చినవాళ్ళని తిప్పి పంపుతాయి. వార్డు పూచీ ఉన్న ఫైలు జత చేశారు. ఆమె ఫోన్లోనూ పచ్చదీపం వెలిగింది.

అప్పుడు, ఎవరెప్పుడు తట్టారో రాసిపెట్టే సర్వర్ లాగ్ తెరిచారు. తగాదా పడ్డ మర్నాటి నుంచే జకరయ్య మాస్టారు రోజూ వచ్చి తట్టారు. చాలాకాలం తట్టి, మానేశారు. అప్పలనరసమ్మ ఎదురుగా ఉందని కూడా చూడకుండా వరహాలరావు గారు ఏడ్చారు.

వెంటనే స్నేహితుడి గుమ్మం తట్టారు. తెరుచుకోలేదు. అన్నిసార్లు అనుమానం కలిగించినవాణ్ణి శాశ్వతంగా దొంగల్లో జమకట్టమని యంత్రాలకి నేర్పిందీ ఆయనే. వరహాలరావు గారి పేరు మీద పడ్డ ఆ దొంగముద్ర జకరయ్య మాస్టారే తన యంత్రంలో తన చేత్తో చెరపాలి.

"ఆయనెక్కడుంటారు బాబూ?"

"వెనకవీధిలో."

"మరింకేటి, నడిసెళ్ళండి!" అంటూ తన తువ్వాలు మళ్ళీ తడిపి ఆయన తలకి చుట్టింది.

నిప్పులు చెరిగే ఎండలో ఆయన వెనకవీధికి చేరి తలుపు కొట్టారు. తలుపు పైనున్న స్పీకరులోంచి జకరయ్య మాస్టారి గొంతు వినిపించింది. "ఎవరండీ?"

"నేనేరా, వరహాల్ని. తలుపు తియ్యి. ఆరోజు నువ్వన్నదే నిజంరా, నాదే తప్పు."

స్పీకరు పక్కనున్న కెమెరా ఆయన ముఖం మీదికి తిరిగింది.

"ముఖం, గొంతూ బాగానే కుదిరాయి నాయనా, కానీ నువ్వు దొంగవని మా గుమ్మం ఎప్పుడో చెప్పింది. మా వరహాలు ఎండలో నడిచి రావడం, తప్పు ఒప్పుకోవడం! ఇంకెవరితోనైనా చెప్పు."

"మన చిన్నప్పటి సంగతులు అడగరా, అన్నీ చెబుతాను!"

"దొంగలు ముందు నేర్చుకునేవి అవే కదా. వెళ్ళిపో, వడదెబ్బ తగులుతుంది." మళ్ళీ అదే గొంతు, "వాడి ముఖం ఎక్కడ సంపాదించావో గానీ, వాడు కనిపిస్తే మాత్రం చెప్పు. ఇంకా వాడి కోసమే చూస్తున్నానని."