చీనీకి తెలిసిన నీలం అంచు

పొద్దున్నే కాఫీ గ్లాసులు కడిగి బోర్లించి, వెనక తలుపు గడియ తీసి, రత్నమణి టీచరు కుచ్చిళ్లు ఎత్తి నడుము దగ్గర బిగించిందంటే జమ్మలమడుగులో ఆ వీధి మొత్తానికీ తెలిసిపోయేది, కుక్కతో పరుగు మొదలైందని. మిషన్ బడిలో ముప్పై ఏళ్లు డ్రిల్లు టీచరుగా పనిచేసి రిటైరైన మనిషి. బడికి కట్టుకుపోయిన నీలం అంచు తెల్ల వాయిల్ చీరలే ఇప్పటికీ కట్టేది. అవి చిరిగేదాకా తాను రిటైరు కానట్టేనని చెప్పేది.

ఇంటి వెనక ఖాళీ స్థలం చూస్తే కొత్తవాళ్లు ఎవరో ఇల్లు కడుతున్నారనుకుంటారు. బోరు వేసినప్పుడు మిగిలిన పైపు ముక్కలను ఇటుకల మీద అడ్డంగా పెట్టి దూకేందుకు కర్రలు చేసింది. రెండు వైపులా కోసేసిన ప్లాస్టిక్ డ్రమ్ములను వరసగా పడుకోబెడితే సొరంగం అయింది. నీలగిరి కర్రలు పాతితే వాటి మధ్య మెలికలు తిరిగే దారి అయింది. కుక్క వీటన్నిటినీ చెప్పిన వరసలో, తప్పు లేకుండా, వేగంగా దాటాలి. పక్కనే మనిషి పరిగెత్తుతూ దారి చూపించాలి గానీ ముట్టుకోకూడదు. ఆటంతా అంతే.

కుక్క పేరు చీనీ. రత్నమణి రిటైరైన ఏడాది పులివెందుల దగ్గర అన్న తోటకు పోతే, చీనీ చెట్ల కింద, అంటే బత్తాయి చెట్ల కింద, డ్రిప్పు పైపుల కుప్పలో కుయ్యికుయ్యిమంటూ దొరికింది. ఒక చెవి నిక్కి ఉంటుంది, ఇంకొకటి వాలి ఉంటుంది. ఏ జాతి అని అడిగితే రత్నమణి "సీమ జాతి" అనేసి ఊరుకునేది. బడి లేక, పిలిచే పిల్లలు లేక గోడలు చూస్తూ కూర్చున్న మనిషిని ఆ కుక్కపిల్ల మళ్లీ లేపి పరిగెత్తించింది. ఆమె ఈ మాట ఎవరితోనూ అనలేదు గానీ, నిజం అదే.

భర్త చెన్నయ్య తాలూకాఫీసులో గుమాస్తాగా చేసి దిగినవాడు, చర్చిలో సంఘ పెద్ద. భార్య కుక్క వెంట పరిగెత్తడం ఆయనకు నచ్చదు. నచ్చదన్న సంగతి రోజూ వెనక మెట్ల మీద కూర్చుని మరీ చెప్పేవాడు. ముందు వరండాలో గాలీ వెలుతురూ దండిగా ఉన్నా, పేపరు మాత్రం వెనక మెట్ల మీదే, ముఖానికి అడ్డంగా పట్టుకుని చదివేవాడు.

"వయసుకు తగిన పని ఏదన్నా చేసుకోకూడదా మే? చర్చికాడ ఆడోళ్ల కూటం ఉండాది. ఆడికి పో."

"పోతానే ఉండా కదప్పా, బుధవారం బుధవారం."

"మిగతా రోజులు?"

"మిగతా రోజులకని దేవుడు చీనీని పంపినాడు."

పేపరు వెనక నుంచి ఒక దగ్గు వినిపించింది. అంతటితో ఆ రోజుకు ఆ చర్చ ముగిసింది.

ప్రొద్దుటూరు బయట కుక్కలకు శిక్షణ ఇచ్చే అజ్మతుల్లా ఈ ఆటలో ఆమెకు గురువు. సైన్యంలో కుక్కల దళంలో పనిచేసి వచ్చాడు. అతని మాట మీద బెంగళూరు పోటీకి పోతే, జాతి కుక్కలన్నిటినీ వెనక్కి నెట్టి చీనీ మొదటి స్థానంలో నిలిచింది. దాంతో బ్యాంకాక్‌లో జరిగే ఆసియా పోటీకి పిలుపు వచ్చింది. కుక్కకు టీకాలు, గుర్తింపు చిప్పు, విమానం కాగితాలు అన్నీ అజ్మతుల్లాయే తిరిగి చేయించాడు. అన్నీ చేతికి వచ్చాక, రెండో శనివారం నాడు కూతురు కెరోలిన్ ప్రొద్దుటూరు నుంచి వచ్చింది. బ్యాంకులో పని చేస్తుంది, మాట కూడా లెక్కగానే ఉంటుంది. ఆ రోజు చెప్పులు విప్పకముందే ఫోను తీసి తల్లి ముందు పెట్టింది.

బెంగళూరు పోటీ వీడియో. కుచ్చిళ్లు ఎగ్గట్టి, కొంగు దోపి, రత్నమణి దుమ్ము రేపుతూ పరిగెత్తుతోంది. కింద వరసగా నవ్వే బొమ్మలు. "కుక్క తరుముతాందా, కుక్కను తరుముతాందా?" అని ఎవరో రాశారు.

"మా అత్తగారోళ్ల గ్రూపులో వచ్చిందిమా ఇది. బ్యాంకులో కూడా చూసినారు. 'మీ అమ్మేనా?' అని అడుగుతాండారు. నేనేం చెప్పాల?"

"అవునని చెప్పు."

"తమాషా కాదుమా. దేశం కాని దేశం పోయి ఇట్లనే పరిగెత్తితే ఇంకా ఎంతమంది చూస్తారో."

చెన్నయ్య గొంతు సవరించుకున్నాడు. తండ్రీ కూతుళ్లు ముందే మాట్లాడుకున్నారని రత్నమణికి అప్పుడు అర్థమైంది. "కుక్కను పంపొద్దనడం లేదు మే. అజ్మతుల్లా పోతాండాడు కదా, అతనే పరిగెత్తిస్తాడు. నువ్వు ఈడుండు. పైగా ఒక పరుగు ఆదివారం పెట్టినారు. సంఘ పెద్ద భార్య ఆరాధన మానుకోని కుక్కతో ఎగురుతాందంటే నలుగురిలో నా తల యాడ పెట్టుకోవాల?"

చీనీ వచ్చి ఆమె పాదాల మీద గడ్డం ఆనించి పడుకుంది. రత్నమణికి కోపం కంటే ముందు ఏడుపు వచ్చింది, దాన్ని మింగేసి మాట్లాడింది.

"ఈ ఊరి ఆడపిల్లలను ముప్పై ఏండ్లు ఈ చీరతోనే పరిగెత్తించినా. అప్పుడెవరూ నవ్వలేదు. జిల్లా పోటీల్లో వాళ్లు గెలిచిన ప్రతిసారీ ఫోటోలో నేను పక్కన నిలబడినా. పక్కన నిలబడటం నా ఉద్యోగం, సంతోషంగానే నిలబడినా. ఒక్కసారి నడిమిన నిలబడాలని ఉండాది నాకు. అది తప్పంటే చెప్పండి, మానుకుంటా."

చెన్నయ్య పేపరు మడిచాడు, మళ్లీ విప్పాడు. చివరికి కెరోలిన్ దారికి వచ్చింది, అయితే ఒక షరతు పెట్టింది.

"సరేమా, నేను కూడా సెలవు పెట్టి వస్తా. కానీ ఈ చీర వద్దు. ట్రాక్ సూట్ కొనిస్తా, మర్యాదగా అది వేసుకోని పరిగెత్తు."

ఇంట్లో పోరు కంటే ప్యాంటు నయమనుకుని రత్నమణి ఒప్పుకుంది.

మర్నాడే ముదురు ఎరుపు ట్రాక్ సూట్ వచ్చింది. ఎంత మంచి బట్టో. దాన్ని ఆమె ఒక్కసారి ఒంటికి ఆనించి చూసుకుని, మళ్లీ కవర్లో పెట్టి బీరువాలో దాచింది. కొత్త బట్టను దుమ్ములో మాపుకుంటే పండగ నాటికి ఏముంటుంది? క్రిస్మస్ బట్టలైనా అంతే, ప్రార్థన కాకుండా ఆ ఇంట్లో ఎవరూ తొడిగింది లేదు. అజ్మతుల్లా షూస్ మాత్రం ముందునుంచీ పట్టుబట్టి వేయించాడు. ట్రాక్ సూట్ సంగతి అతనికి చెప్పాలని ఎవరికీ తోచలేదు. బయలుదేరే ముందు పాస్టరు గారు వచ్చి ట్రాక్ సూట్ కవరు మీద చెయ్యి పెట్టి ప్రార్థించారు. కుక్క నెత్తి మీద పెట్టాలా వద్దా అని కాసేపు తటపటాయించి, పెట్టారు. చీనీ ఆయన చెయ్యి నాకింది. విమానంలో బెదరకుండా దాని బోనులో రత్నమణి తన పాత నీలం అంచు చీర ఒకటి పరిచింది.

బ్యాంకాక్‌లో పోటీ పెద్ద షెడ్డులో, నేల మీద పచ్చటి తివాచీ. ఎక్కడ చూసినా దువ్వి, మెరుగు పెట్టినట్టున్న కుక్కలే. వాటి మధ్య చీనీ తోట కాపలా నుంచి నేరుగా వచ్చినట్టుంది. శనివారం ఒక పరుగు, ఆదివారం ఒకటి, దేని బహుమతి దానిదే. శనివారం రత్నమణి ఎరుపు ట్రాక్ సూట్ వేసుకుని బరిలోకి దిగింది. కెరోలిన్ గర్వంగా ఫోను ఎత్తి పట్టుకుంది.

మొదటి కర్ర దూకింది చీనీ. రెండోదీ దూకింది. ఆ తర్వాత నడిమధ్యలో ఆగిపోయింది. రత్నమణి కుడికి తిరిగి చెయ్యి చాపి పిలిచింది. చీనీ ఆమె కాళ్ల చుట్టూ తిరిగి, ప్యాంటు వాసన చూసి, ఈ మనిషి ఎవరన్నట్టు ముఖంలోకి చూసి, ఎడమకు పోయి తప్పు సొరంగంలో దూరింది. బయటికొచ్చి సరాసరి తన బోను వైపు పరిగెత్తింది. ఈల మోగింది. పరుగు చెల్లదన్నారు. జనం జాలిగా చప్పట్లు కొట్టారు, వాటికంటే నవ్వులే మేలనిపించింది.

బయట బెంచీ మీద కూర్చుని రత్నమణి దాచుకోకుండా ఏడ్చింది. "నాయన చెప్పిందే నిజం పాపా. అజ్మతుల్లా అన్న పరిగెత్తి ఉంటే అది గెలిచేది. నా సరదా కోసం దాన్ని నవ్వులపాలు చేసినా."

అజ్మతుల్లా కూడా తల గోక్కున్నాడు. "సమజ్ కావడంల్యా టీచరమ్మా. నేను చెప్పిందంతా మీరు బరాబర్ చేసినారు."

ఇంతలో కెరోలిన్ ఫోను మోగింది. చెన్నయ్య. వీడియో పంపమన్నందుకు కూతురు పంపింది, ఆయన చూశాడు. ఇక దెప్పుతాడని రత్నమణి కళ్లు తుడుచుకుని సిద్ధంగా కూర్చుంది. కెరోలిన్ ముగ్గురికీ వినపడేలా పెట్టింది.

"నీ చీర యాడ మే?" అన్నాడు చెన్నయ్య.

"చీరేంది? పాప ప్యాంటు కొనిచ్చింది కదప్పా."

"అదే పొరపాటు. చీనీ నీ మొగం చూసి తిరగదు, నీ చెయ్యి చూసి తిరగదు. నువ్వు కుడికి మళ్లేటప్పుడు ముందుగా ఆ నీలం అంచు కుడికి ఊగుతాది. దాని కండ్ల ఎత్తులో ఉండేది అదే. అంచు యాడికి పోతే అది ఆడికి పోతాది. సొరంగం కాడ నువ్వు ఆగుతావు చూడు, అంచు ఆగినాకనే అది దూరుతాది. ఈరోజు దానికి అంచే కనపడల్యా, పాపం ఏం చేస్తాది?"

ముగ్గురూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కెరోలిన్ మెల్లగా అడిగింది. "నీకెట్ల తెలుసు నాయనా? నువ్వు పేపర్ చదువుకుంటాంటావు కదా."

అవతల నుంచి ఒక దగ్గు వినిపించింది. "పేపర్ ఎవరు చదివినారులే," అన్నాడు చెన్నయ్య.

రత్నమణికి మళ్లీ ఏడుపు వచ్చింది. అయితే ఇది ఇందాకటి ఏడుపు కాదు. ఇన్నేళ్లు కాపురం చేసిన మనిషి, పేపరు అంచు మీదుగా రోజూ తనను చూస్తున్నాడని, ఇంత శ్రద్ధగా చూస్తున్నాడని ఆమెకు తెలియలేదు. దగ్గులన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చి ఏడుపులోనే నవ్వింది.

"చీర యాడుందిమా?" అని లేచింది కెరోలిన్.

వెంట తెచ్చిన నీలం అంచు చీర అదొక్కటే, బోనులో ఉంది, నిండా కుక్క వెంట్రుకలతో. కెరోలిన్ దాన్ని హోటల్‌కు తీసుకుపోయి, బకెట్లో సబ్బు కలిపి తన చేత్తోనే ఉతికింది. ఇద్దరూ చెరో చివర పట్టుకుని నీళ్లు పిండారు. "నన్ను క్షమించుమా," అంది కూతురు, చీర దులుపుతూ. "నలుగురు నవ్వినారని నేను కూడా వాళ్ల పక్క చేరినా." రత్నమణి తడి చేత్తోనే ఆమె చెంప నిమిరింది. ఆదివారం పొద్దున కెరోలిన్ చీర ఇస్త్రీ చేసి, కుచ్చిళ్లు మడిచి, ఊడకుండా పిన్నులు పెట్టింది. చీరతో పరిగెత్తవచ్చా అని అజ్మతుల్లా జడ్జీని అడిగి వచ్చాడు. అడ్డంకులకు తగలకుండా చూసుకుంటే చాలన్నారట.

బరి అంచున నిలబడి కెరోలిన్ తండ్రికి వీడియో కాల్ కలిపింది. అటునుంచి పాట వినిపించింది, చాలా గొంతులు కలిసి పాడుతున్నాయి.

"నాయనా, ఇది ఆరాధన టైము కదా?"

"బయట నిలబడుకోనుండా. మాట్లాడించొద్దు, చూపించు."

రత్నమణి కుచ్చిళ్లు ఎత్తి నడుము దగ్గర బిగించింది. అంతే, చీనీ వాలిన చెవి కూడా నిక్కింది. జమ్మలమడుగు ఇంటి వెనక పొద్దు దానికి ఆ క్షణంలో కనిపించి ఉంటుంది.

తర్వాత జరిగింది చెప్పాలంటే చెప్పేవాళ్లకే ఊపిరి అందదు. నీలం అంచు కుడికి ఊగితే చీనీ కుడికి, ఎడమకు ఊగితే ఎడమకు. కర్రలు దూకింది, మెలికల దారిలో సూదిలో దారంలా సాగింది, సొరంగం నోటి దగ్గర అంచు ఆగగానే లోపల దూరి అవతల తేలింది. కాలు పెడితే అటూ ఇటూ ఒరిగే తూగుడు పలక మీద మాత్రం ఒక్క క్షణం తడబడింది. "నిదానం తల్లీ, ఈడ నేనుండా కదా," అంది రత్నమణి, మొదటి రోజు పరుగుకు బెదిరే పిల్లలకు చెప్పినట్టే. పలక అవతలికి ఒరిగింది. ఆఖరి కర్ర దూకినప్పుడు చీనీ దానికి జానెడు ఎత్తున పోయింది.

ఒక్క తప్పు లేదు. ఆ రోజు పరిగెత్తినవాటిలో అంత తక్కువ సమయం ఇంకే కుక్కకూ లేదు. షెడ్డు మొత్తం లేచి చప్పట్లు కొట్టింది, ఇవి జాలి చప్పట్లు కావు. అజ్మతుల్లా ఎవరో ముక్కూముఖం తెలియని మనిషిని కౌగిలించుకున్నాడు. కెరోలిన్ ఫోను దగ్గరికి తెచ్చుకుని చూసింది. అందులో పాట ఆగిపోయి, సంఘం ఆడవాళ్ల ముఖాలన్నీ చెన్నయ్య భుజాల మీదుగా తొంగి చూస్తున్నాయి. వెనకాల పాస్టరు గారు కూడా ఉన్నారు.

బహుమతి మెట్ల మీద ఫోటో తీసేటప్పుడు రత్నమణి అలవాటుగా పక్కకు జరిగి నిలబడింది. కెరోలిన్ ముందుకు పోయి తల్లి భుజాలు పట్టుకుంది. "నడిమికి రామా," అంది. రత్నమణి మధ్య మెట్టు ఎక్కింది. చీనీ ఆమె కాళ్ల దగ్గర, నీలం అంచు మీదే కూర్చుంది.

ఊరికి తిరిగి వచ్చాక పెళ్లి ఇల్లులా నాలుగు రోజులు గడిచాయి. పాత విద్యార్థినులు పిల్లల్ని చంకనేసుకుని వచ్చి చీనీతో ఫోటోలు దిగారు. ఆ వీడియో మళ్లీ కెరోలిన్ అత్తగారి గ్రూపులోకి వచ్చింది. ఈసారి పంపింది కెరోలినే, "మా అమ్మ" అని రాసి.

ఐదో రోజు పొద్దున ఇల్లు సద్దుమణిగింది. రత్నమణి కాఫీ గ్లాసులు బోర్లించి వెనక తలుపు తీసింది. చెన్నయ్య అప్పటికే మెట్ల మీద ఉన్నాడు. ఆ రోజు పేపర్లో ఆమె ఫోటో వచ్చింది, నడిమధ్యలో, చీనీతో సహా. ఆయన ఆ పేపరును జాగ్రత్తగా మడిచి ఒళ్లో పెట్టుకున్నాడు. ముఖానికి అడ్డం ఏమీ లేదు.

"ఏమప్పా, ఈరోజు పేపర్ చదవ్వా?"

"ఆ పేపర్లో ఉండేది ఈడ ఎదురుగానే ఉండాది కదా మే," అన్నాడు చెన్నయ్య. లేచి పోయి, పక్కకు పడిపోయిన పైపు ముక్కను ఇటుకల మీద సరిగ్గా పెట్టి వచ్చి కూర్చున్నాడు. "ఊ, కానీ. పరిగెత్తు. నేను చూస్తాండా."